పెదవుల మీద వేలు

టీవీ ముందు కాళ్ళు చాపుకుని కూర్చుని, బోనులో నిలబడ్డ మనిషిని చూసి "వీడే చేసుంటాడు, మొహం చూస్తే తెలియట్లా" అన్నది మీరు కాదూ? పక్కింట్లో గిన్నెలు తోమే ఆవిడ గురించీ, ఎదురింటి కోడలి గురించీ అంతే తేలిగ్గా తీర్పు చెప్పేసి, ఆ తర్వాత హాయిగా భోజనానికి లేచింది మీరు కాదూ? సరదాగా భయపడదామని వచ్చారు గాని, భయపడాల్సిన చోట మీరు ఏనాడూ భయపడలేదు. సరే, కూర్చోండి. మధ్యలో లేచి పోకండి. ఇది దెయ్యం కథే. అయితే ఇందులో దెయ్యం కంటే ముందు మనిషి వస్తాడు. ముందు అతన్ని బాగా చూసుకోండి.

ఆయన్ని అందరూ జడ్జిగారనే పిలిచేవారు. నిజానికి జడ్జి కాదు. న్యాయశాస్త్రం పుస్తకం అట్ట కూడా తిప్పి చూసినవాడు కాదు. టీవీలో వచ్చే కోర్టు సీరియల్లో జడ్జి వేషం వేసేవాడు, అంతే. కానీ ఆ వేషం మామూలు జడ్జి వేషం కాదు. ఆ సీరియల్లో జడ్జి సుత్తి కొట్టడు. సెక్షన్లు చదవడు. కుర్చీ దిగి వచ్చి, ముద్దాయి నిలబడ్డ బోను దగ్గర మెట్టు మీద కూర్చుంటాడు. జైలుకి పంపడు. తల్లిని గెంటేసిన కొడుకుని అదే గుమ్మం ముందు పడుకోమంటాడు. అద్దెకున్నవాళ్ళని ఏడిపించిన యజమానిని ఆ అద్దెగదిలోనే కాపురం పెట్టమంటాడు. తీర్పు చెప్పే ముందు కుడిచేతి చూపుడువేలు పెదవుల మీద ఆనించి, ఒక్క క్షణం అందరివైపూ చూస్తాడు. కోర్టంతా గప్‌చిప్. అప్పుడు తీర్పు.

ఆ వేలు ఊరందరికీ అంటుకుంది. ఆయన రోడ్డు మీద కనిపిస్తే చాలు, పిల్లలూ పెద్దలూ నవ్వుతూ పెదవుల మీద వేలు పెట్టుకునేవారు. అదే ఆయనకి నమస్కారం. ఆయన కూడా వేలు పెట్టి కన్ను గీటేవాడు.

కొన్నాళ్ళకి వేషం ఒంటికి పట్టేసింది. కూరలు అమ్మేవాడికీ కొనేవాడికీ గొడవైతే ఆయన మధ్యలో దూరి తీర్పు చెప్పేవాడు. ఇంట్లో భార్య మాత్రం లెక్కచేసేది కాదు. "వంటింట్లో కుళాయి కారుతోందండీ, దానికీ ఓ తీర్పు చెప్పండి" అనేది. ఆయన మూతి ముడుచుకునేవాడు.

వాళ్ళుండేది లిఫ్టు లేని నాలుగంతస్తుల ఇల్లు. పై అంతస్తు వాళ్ళది. మధ్యలో మెలికలు తిరిగిన మెట్లు. ఆ మెట్లు తుడవడానికి రోజూ పొద్దున్నే ఒక ముసలావిడ వచ్చేది. ఆమె అసలు పేరు ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. మెట్లమ్మ అనేవారు. ఒక చేతిలో ఫినాయిలు నీళ్ళ బకెట్టు, ఇంకో చేతిలో పొడుగాటి తుడుపుకర్ర. నోరు మాత్రం క్షణం ఊరుకునేది కాదు. మనుషులు దొరక్కపోతే మెట్లతో మాట్లాడేది. "నీకేమే, ఎందరు తొక్కినా పడుంటావు" అని మెట్టుకి చెప్పేది. మెట్లమ్మ నోటికి తాళం వేస్తే ఆ రోజే ప్రాణం పోతుందని ఆ ఇంట్లో అందరూ నవ్వుకునేవారు.

ఒకరోజు జడ్జిగారికి కింది అంతస్తులో ఉండే ఆవిడ చెవిదిద్దు ఒకటి కనిపించలేదు. మెట్లు తుడుస్తూ మెట్లమ్మ మంచినీళ్ళ కోసం వాళ్ళింట్లోకి వచ్చిందట. ఇంకేం కావాలి? చూసినవాళ్ళు లేరు, చెప్పేవాళ్ళకి కొదవలేదు. అందరూ మెట్ల మలుపు దగ్గర పోగయ్యారు. టీ కప్పులు చేతుల్లోనే ఉన్నాయి. మెట్లమ్మ గోడకి ఆనుకుని, తను తీయలేదని ఒకటే చెబుతోంది. ఎవరో సరదాగా, మన ఇంట్లోనే జడ్జిగారుండగా పోలీసులెందుకు అన్నారు. ఆయన పైనుంచి దిగి వచ్చాడు. మెట్టు మీద కూర్చున్నాడు, అచ్చం సీరియల్లోలాగే. వేలు పెదవుల మీద పెట్టాడు. అందరూ నవ్వాపుకుని చూస్తున్నారు.

"నిన్ను పనిలోంచి తీసెయ్యం. పోలీసులకీ పట్టివ్వం. కానీ ఈ మెట్ల మీద ఉన్నంతసేపు నువ్వు నోరు విప్పకూడదు. నేను మాట్లాడమన్నప్పుడే మాట్లాడాలి" అన్నాడు.

చప్పట్లు కొట్టారు. కింది అంతస్తు ఆవిడే ముందు కొట్టింది. మెట్లమ్మ ఏదో అనబోయింది. ఆయన మళ్ళీ వేలు పెట్టాడు. ఆమె నోరు మూసుకుంది. ఇంకో చోట పని వెతుక్కునే వయసు కాదు ఆమెది.

ఆ మర్నాటి నుంచి మెట్ల మీద తడిగుడ్డ చప్పుడు తప్ప ఇంకేం లేదు. పైకి వెళ్ళేవాళ్ళూ కిందికి దిగేవాళ్ళూ ఆమెని చూసి నవ్వుతూ వేలు పెట్టుకునేవారు. ఆమె తల దించుకుని తుడుచుకునేది. మెట్లతో కూడా మాట్లాడేది కాదు.

తర్వాత ఒక పొద్దున ఆయన షూటింగుకి బయల్దేరాడు. కింద కారు హారన్ కొడుతోంది. మలుపు దగ్గర మెట్లమ్మ మెట్టు మీద కూర్చుని ఉంది. ఒక చెయ్యి గుండెల మీద గట్టిగా అదిమిపెట్టుకుంది. రెండో చెయ్యి కర్రని వదల్లేదు. మొహం బూడిదరంగుకి తిరిగింది. నుదుటి నిండా చెమట. ఆయన్ని చూసి నోరు సగం తెరిచింది. మాట రాలేదు. మాట్లాడనా అని కళ్ళతో అడిగింది.

ఆయనకి అర్థమైంది. ఆమెకి బాగోలేదనీ అర్థమైంది, ఏం అడుగుతోందో అదీ అర్థమైంది. అయినా ఆ పొద్దున ఆయన హుషారుగా ఉన్నాడు. వేలు పెదవుల మీద పెట్టి, కన్ను గీటి, తడి మెట్టు తప్పించుకుని దిగిపోయాడు.

వెనక కర్ర చేజారింది. టక్... టక్... టక్... ఒక్కో మెట్టూ దొర్లుకుంటూ కిందికి వచ్చింది. ఆయన వెనక్కి తిరగలేదు.

సాయంత్రం ఆయన ఇంటికి వచ్చేసరికి ఆమె శవాన్ని తీసుకుపోయారు. వారం తిరక్కుండానే దిద్దు కింది అంతస్తు ఆవిడ దిండు గలీబులోనే దొరికింది. ఆవిడ "పాపం" అని తలుపేసుకుంది. మెట్లు తుడవడానికి మళ్ళీ ఎవరినీ పెట్టుకోవాలని ఆ ఇంట్లో ఎవరికీ అనిపించలేదు. భార్య మాత్రం ఆయన్ని సూటిగా అడిగింది.

"ఆ రోజు మీరు దిగేటప్పుడు ఆవిడ మలుపు దగ్గరే ఉండుంటుందే. కనిపించలేదా?"

"లేదు" అన్నాడు ఆయన.

ఆ ఒక్క మాటతో అది అయిపోయిందనుకున్నాడు.

ఇప్పుడు ఆయన పని చేసే చోటికి పోదాం. స్టూడియోలో కోర్టు సెట్టు. టేకు రంగు పూసిన చెక్కముక్కలు, వెనక ఖాళీగా ఉన్న పుస్తకాల అట్టలు, ఎప్పుడూ ఒకే టైము చూపించే గోడ గడియారం. కిటికీలు లేవు. బయట మిట్టమధ్యాహ్నమైనా లోపల లైటు వేసినచోట వెలుగు, వెయ్యనిచోట చీకటి. వేడెక్కిన దీపాల వాసన, పాత దుమ్ము వాసన.

జడ్జిగారికి ఒక అలవాటుంది. తన క్లోజప్ తీసేటప్పుడు ఎదుట బోనులో మనిషి ఉండకూడదు. ఎదుటి మనిషి కళ్ళలోకి చూస్తూ తీర్పు చెప్పడం ఆయన వల్ల కాదు, మాట తడబడుతుంది. అందుకని ముద్దాయి వేషం వేసినవాళ్ళని ముందే పంపించేసి, బోనులో ఒక కర్ర నిలబెట్టి, మనిషి మొహం ఉండే ఎత్తులో ఎర్రటేపు ముక్క అంటించేవారు. ఆయన ఆ టేపు వైపు చూస్తూ తీర్పు చెప్పేవాడు. చూసే జనానికి మాత్రం ముద్దాయి గుండెలోకి చూస్తున్నట్టుండేది. ఇంకొకటి. తీర్పు మాటలు ఎవరూ రాసిచ్చేవారు కాదు. అక్కడికక్కడ ఆయన నోటికి ఏది వస్తే అదే తీర్పు. ఒకసారి చెప్పిందే ఖాయం.

ఆ రోజు కథలో ముద్దాయి నోరు విప్పని ఆడమనిషి. ఆ వేషం వేసినామె తన వంతు ముగించుకుని వెళ్ళిపోయింది. జడ్జిగారు నల్లకోటు సర్దుకుని కుర్చీలో కూర్చున్నాడు. ఎదురుగా చూశాడు. బోనులో తుడుపుకర్ర నిలబెట్టి ఉంది. తలకిందులుగా. గుడ్డపీలికలు పైకి, కర్ర కిందికి. పీలికలు రెండు పక్కలా వేలాడుతున్నాయి. వాటి మధ్య ఎర్రటేపు.

అది ఎవరు పెట్టారని అడిగాడు. డైరెక్టరు నవ్వేశాడు. "కర్రే కదా గురువుగారూ, కరవదు. కానివ్వండి."

ఫినాయిలు వాసన వచ్చింది. సన్నగా... ఆగి ఆగి... ఎవరో దగ్గరికి వచ్చి పోతున్నట్టు.

లైట్లు వేశారు. కెమెరా తిరిగింది. ఆయన అలవాటు ప్రకారం వేలు పెదవుల మీద పెట్టి తీశాడు. ఏం చెప్పాలా అని లోపల వెతుక్కున్నాడు. ఎప్పుడూ తన్నుకొచ్చే మాటలు ఆ రోజు ఒక్కటీ లేవు. నోరు మాత్రం తెరుచుకుంది. మాటలు వాటంతట అవే బయటికి వచ్చాయి.

"నువ్వు నోరు విప్పకూడదు. నేను మాట్లాడమన్నప్పుడే మాట్లాడాలి."

డైరెక్టరు ఎగిరి గంతేసినంత పని చేశాడు. ఇంత గొప్ప తీర్పు ఇంతవరకూ రాలేదన్నాడు. 

షాటు అయ్యాక అక్కడ ఇంకో పని ఉంటుంది. సెట్టులో నిశ్శబ్దాన్ని రికార్డు చేస్తారు. ఏ గది నిశ్శబ్దం ఆ గదికే ఉంటుందట. ముక్కలు ముక్కలుగా తీసిన మాటల మధ్య ఆ నిశ్శబ్దాన్ని పరిస్తేనే అతుకులు తెలియవట. ఆ కాసేపూ ఎవరూ కదలకూడదు, దగ్గకూడదు. ఆ పని చూసేవాడు తక్కువ మాటల మనిషి. ఎప్పుడూ చెవులకి హెడ్‌ఫోన్లే ఉంటాయి కాబట్టి చెవులాయన అని పేరు పడ్డాడు. చెవులాయన చెయ్యెత్తాడు. అందరూ ఉన్నచోటే బొమ్మల్లా నిలబడిపోయారు.

నిశ్శబ్దం.

దీపాల సన్నటి రొద. ఎక్కడో చెక్క చిట్లిన చప్పుడు. అంతే.

చెవులాయన మొహం మారింది. హెడ్‌ఫోన్లు ఇంకా గట్టిగా నొక్కుకున్నాడు. మెల్లగా తల తిప్పి జడ్జిగారి గుండెల వైపు చూశాడు. కోటు లోపల, గుండెకి ఆనుకుని ఆయన మైకు ఉంది. చెవులాయన దగ్గరికి వచ్చి చెవిలో అన్నాడు.

"సార్... మీ మైకులో ఆడగొంతు వినిపిస్తోంది."

"రేడియో అయ్యుంటుంది."

"కాదు సార్. మిమ్మల్నే అడుగుతోంది. ఇప్పుడు మాట్లాడొచ్చా అయ్యగారూ... అంటోంది. అదే మాట. మళ్ళీ మళ్ళీ."

 జడ్జిగారు తల ఎగరేసి, ఈయన చెవుల్లో గుబిలి పేరుకుందని అందరికీ వినపడేట్టు ఎద్దేవా చేశాడు. అక్కడున్నవాళ్ళు నవ్వారు. చెవులాయన నవ్వలేదు. మళ్ళీ తీద్దామని చెయ్యెత్తాడు.

మళ్ళీ నిశ్శబ్దం.

ఈసారి ఆయనకే వినిపించింది.

తడిగుడ్డ నేల మీద లాగుతున్న చప్పుడు. జ్ఝూ... ఆగింది. జ్ఝూ... ఇంకొంచెం దగ్గరగా. ఫినాయిలు వాసన గొంతులోకి దిగింది. ఆయన కళ్ళు బోను వైపు తిరిగాయి. తిప్పుకుందామంటే మెడ కదల్లేదు.

గుడ్డపీలికల చివర్ల నుంచి నీళ్ళు కారుతున్నాయి. చుక్క... చుక్క... ముసలావిడ తలంటుకుని జుట్టు విరబోసుకున్నట్టుంది. మధ్యలో ఎర్రటేపు.

టేపు కదిలింది.

లోపలికి పోయింది. మళ్ళీ ఉబ్బింది. లోపలికి... బయటికి...

టేపు వెనక ఎవరో ఊపిరి తీస్తున్నారు.

"ఇప్పుడు మాట్లాడొచ్చా, అయ్యగారూ..."

గొంతు బోనులోంచి రాలేదు. ఆయన గుండెల మీదనుంచే వచ్చింది. నొప్పితో అదిమిపెట్టుకుని, ఒక్కో మాటా పోగుచేసుకుని పలికినట్టుంది. అందులో కోపం లేదు. అనుమతి అడుగుతోంది. అంతే.

చూశారా, ఇక్కడ కూడా ఆయనకి దారి మూసుకుపోలేదు. "చెప్పు" అనే ఒక్క మాట. అంటే ఆమె చెబుతుంది. దిద్దు తను తీయలేదని చెబుతుంది. ఆ పొద్దున మలుపు దగ్గరికి ఎవరు వచ్చారో, ఆమెని చూసి ఏం చేసి వెళ్ళిపోయారో అదీ చెబుతుంది. మైకులో చెబుతుంది. చెవులాయన వింటాడు. రికార్డయిపోతుంది. ఊరంతా నమస్కారంగా పెట్టే ఆ వేలు ఒక ప్రాణం తీసిందని ఊరంతటికీ తెలుస్తుంది. ఆయన పేరు, కారు, కోటు, కుర్చీ... అన్నీ ఆ ఒక్క మాటకి ఇటు ఉన్నాయి. ఆమె అటు ఉంది.

ఆయన చూపుడువేలు లేచింది. 

పెదవుల మీద ఆనింది.

టేపు లోపలికి పోయింది. మళ్ళీ బయటికి రాలేదు.

కర్ర పడింది. టక్. చదునైన నేల మీద పడింది. కానీ చప్పుడు ఆగలేదు. టక్... టక్... టక్... మెట్టు మెట్టూ దిగుతున్నట్టు కిందికి, ఇంకా కిందికి, ఆ నేల కింద ఉండడానికి వీల్లేని ఎంతో లోతుకి పోయి, ఎక్కడో ఆగింది.

అందరూ ఊపిరి వదిలారు. డైరెక్టరు వచ్చి, బాగానే ఉందా గురువుగారూ, అలా పాలిపోయారేం అని అడిగాడు. బాగానే ఉందని చెప్పడానికి జడ్జిగారు నోరు తెరిచాడు.

గొంతులోంచి గాలి కూడా రాలేదు.

వైద్యులు దీపం వేసి చూశారు, గొట్టం వేసి చూశారు. గొంతులో ఏ లోపమూ లేదన్నారు. సీరియలు వాళ్ళు ఊరుకుంటారా? జడ్జిగారు కొత్త పాత్ర కోసం మాటలు మానేశారని, తెర మీద మళ్ళీ కనిపించేదాకా పెదవి విప్పరని ప్రచారం చేసుకున్నారు. జనం మురిసిపోయారు. ఎంత పట్టుదల, ఎంత దీక్ష అన్నారు. ఆయన రోడ్డు మీదికి వస్తే ఇంతకు ముందు ఒకరు వేలు పెట్టినచోట ఇప్పుడు పదిమంది పెట్టేవారు.

భార్య ఆయన ముందు కాగితం, కలం పెట్టి కూర్చుంది. "నోరు పోతే పోయింది, చెయ్యి ఉంది కదా. ఆ రోజు మెట్ల మీద ఏం జరిగిందో రాయండి. నాకొక్కదానికే" అంది. ఆయన కలం మూత పెట్టేశాడు. ఆమె పెట్టె సర్దుకుని చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఒక పొద్దున. మంచి ఎండ. పిల్లలు బడికి పోయే వేళ. ఆయన తలుపు తాళం వేసి మెట్లు దిగుతున్నాడు. మలుపు దగ్గరికి వచ్చేసరికి గుండెల్లో ఎవరో కర్రతో పొడిచినట్టయింది. మెట్టు మీద కూలబడ్డాడు. ఒక చెయ్యి గుండెల మీద అదుముకున్నాడు. ఎడమ చెయ్యి లాగేస్తోంది. చెమట కళ్ళలోకి కారుతోంది.

పైనుంచి పిల్లలు దిగారు. ఆయన నోరు తెరిచాడు. పిల్లలు కిలకిల నవ్వి, పెదవుల మీద వేళ్ళు పెట్టుకుని పరిగెత్తారు.

ఇస్త్రీ బట్టల మూటతో ఒకతను ఎక్కాడు. ఆయన చెయ్యి చాచాడు. అతను సంబరంగా మూట భుజం మార్చుకుని మరీ వేలు పెట్టి, పక్కనుంచి పైకి పోయాడు.

చివరికి కింది అంతస్తు ఆవిడ వచ్చింది. పోయి దొరికిన దిద్దు చెవికే ఉంది. ఆయన కళ్ళతో అడిగాడు. పిలవండి... ఎవరినైనా పిలవండి... అని కళ్ళతోనే బతిమాలాడు. ఆవిడ కాసేపు నిలబడి, మెచ్చుకోలుగా చూసింది.

"ఏం నటన జడ్జిగారూ. నిజంగానే ప్రాణం పోతున్నట్టుంది" అంది.

వేలు పెదవుల మీద పెట్టి, కన్ను గీటి, దిగిపోయింది.

మధ్యాహ్నం ఎవరో గమనించేసరికి ఆయన ఒళ్ళు చల్లబడి ఉంది. నోరు తెరుచుకునే ఉంది. చెప్పాల్సింది అందులోనే ఉండిపోయింది.

ఆయన్ని కిందికి మోసుకొచ్చినవాళ్ళు కాళ్ళు జారకుండా గోడ పట్టుకుని దిగాల్సి వచ్చింది. పై అంతస్తు నుంచి వీధి గుమ్మం దాకా మెట్లన్నీ అప్పుడే తుడిచినట్టు తడిగా ఉన్నాయి. ఫినాయిలు వాసన గుప్పుమంటోంది. ఆయన కూర్చున్న మెట్టు ఒక్కటే పొడిగా ఉంది.

తడిగుడ్డ దాన్ని తప్పించుకుని వెళ్ళింది.